‘నేను’ పుట్టే చోటు: శ్రీ రమణ మహర్షి జీవితము

మన రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు, విరుదునగరం, అరుప్పుక్కోట్టై మీదుగా తూర్పుకు పోతే తిరుచ్చుళి అనే చిన్న ఊరు తగులుతుంది. సుందరమూర్తి నాయనారు పాడిన భూమినాథస్వామి కోవెల అక్కడ ఉన్నది. శ్రీ రమణ మహర్షి పుట్టినది ఆ కోవెల చెంతనే. అరుణాచలమనగానే రమణులు, రమణులనగానే అరుణాచలము మనకు జ్ఞప్తికి వచ్చును గాని, ఆయన మన జిల్లా బిడ్డ అన్న సంగతి మనలోనే చాలమందికి తట్టదు. ఆయన పుట్టిననాటికి తిరుచ్చుళి మదుర జిల్లాలోను, మన ఊరు తిరునెల్వేలి జిల్లాలోను ఉండేవి. 1910లో రామనాథపురం జిల్లా ఏర్పడినప్పుడు రెండూ ఒక గొడుగు కిందికి వచ్చినవి. 1985లో ఆ జిల్లాను విడదీసినప్పుడు కూడ ఇవి విడిపోక, నేటి విరుదునగరం జిల్లాలో కలిసే ఉన్నవి. ఉగాది సంచికలో మన పొరుగు పెద్దను తలచుకొనుటకు ఈ చుట్టరికమొక్కటి చాలును.

దేవుణ్ణి గురించిన వాదం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మన పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తులు మదుర పాండ్యుని కొలువుకు పోయి, పరతత్త్వమెవరో తేల్చి గెలిచి వచ్చిన కథను శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో తెలుగువారికి అందించినారు. దేవతలలో పెద్ద ఎవరు అన్నది ఆ కొలువులోని ప్రశ్న. అదే మదురలో 1896లో పదహారేండ్ల బడిపిల్లవాడొకడు మేడగదిలో ఒంటరిగా ఉండగా ఆ ప్రశ్న తలకిందులైనది. దేవుడెవరని అడిగే ఈ నేనెవరు అన్న వెదుకులాట అక్కడ మొదలైనది. తక్కిన 54 ఏండ్ల జీవితమూ దాని చుట్టూ తిరిగినదే. మరి ‘నేనెవరు’ అన్న ప్రశ్న పట్టుకొన్నవానికి దేవుడు ఏమైనట్లు? పోయినాడా, మిగిలినాడా, రూపు మార్చుకొన్నాడా? మహర్షి కథను ఎన్నోసార్లు విన్నవారము. ఈసారి ఈ కోణం నుంచి చూతము.

1879 డిసెంబరు 30వ తేదీ, ఆరుద్రా దర్శనపు రాత్రి ఒంటిగంట వేళ తిరుచ్చుళిలో సుందరమయ్యరు, అళగమ్మాళ్ దంపతులకు రెండవ కొడుకు కలిగినాడు. సుందరమయ్యరు ఊళ్ళో ప్లీడరీ చేసేవారు. బిడ్డకు పెట్టిన పేరు వెంకటరామన్. శివుని పండుగనాడు పుట్టిన అరవ పిల్లవానికి తిరుపతి కొండమీది స్వామి పేరు రావడం మన చెవికి ఇంపుగా ఉండును. ఆ ఇంట తరానికొకరు సన్న్యాసులగుట వాడుక. భిక్షకు వచ్చిన ఒక సాధువును ఒట్టి చేతులతో పంపినందుకు తగిలిన శాపమని వారే చెప్పుకొనేవారు. 1892లో తండ్రి పోయినాడు. పన్నెండేండ్ల వెంకటరామన్‌ను, అన్న నాగస్వామిని మదురలోని పినతండ్రి సుబ్బయ్యరు తన ఇంటికి తెచ్చుకొన్నాడు. మీనాక్షి కోవెల దక్షిణ గోపురానికి దగ్గరగా చొక్కప్ప నాయకన్ వీధిలో ఆ ఇల్లు ఉన్నది. వీధి పేరులోనే నాయకుల నాటి వాసన కొట్టును.

స్కాట్ మిడిల్ స్కూలు, ఆపైన అమెరికన్ మిషన్ హైస్కూలు. చదువు మీద పెద్ద ఆసక్తి లేదు. ఆటలన్న ప్రాణం. ఒక విచిత్రం మాత్రం ఉండేది. పిల్లవాడు నిద్రపోయినాడంటే ఎవరు కొట్టినా లేచేవాడు కాదు. పగలు అతని బలానికి జంకిన తోటిపిల్లలు రాత్రి నిద్రలో అతణ్ణి ఎత్తుకుపోయి, కసితీరా గుద్ది, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేవారట. తెల్లవారిన తరువాత అతనికేమీ తెలిసేది కాదు. ఈ నిద్ర సంగతి జ్ఞాపకం ఉంచుకోవలెను. మహర్షి తరువాత చెప్పిన బోధకంతటికి నిద్ర ఒక ముఖ్యమైన సాక్ష్యం.

1895 నవంబరులో ఊరినుంచి వచ్చిన ఒక బంధువును ఎక్కడనుంచి వచ్చినారని అడిగితే అరుణాచలం నుంచి అని జవాబు వచ్చినది. వెంకటరామన్ అంతవరకు అరుణాచలమంటే ఎక్కడో దేవలోకంలోని చోటనుకొన్నాడు. రైలెక్కి పోదగిన ఊరని తెలిసి అతని ఒళ్ళు పులకరించినది. ఆ పిమ్మట పినతండ్రి ఎవరివద్దనో తెచ్చిన పెరియపురాణం చేతికి చిక్కినది. అరువది ముగ్గురు నాయనార్ల కథలు చదివి, మనుషులు దేవుణ్ణి ఇంతగా ప్రేమింపగలరా అని అబ్బురపడినాడు. అంతవరకు అతని దేవుడు మన అందరి దేవుడే: కోవెలలో ఉండువాడు, పిలిస్తే పలుకువాడు, కొలువదగినవాడు.

1896 జులై నడుమ ఒకనాడు, ఏ జబ్బూ లేకుండా, మేడమీది గదిలో కూర్చున్నవానికి చచ్చిపోతున్నానన్న భయం హఠాత్తుగా పట్టుకొన్నది. ఇంకొకడైతే కేకవేసి ఎవరినైనా పిలుచును. ఇతడు పిలువలేదు. చావు వచ్చినదంటే చచ్చేదేది అని చూడదలచినాడు. శవంలా కాళ్ళు చేతులు చాపి, పెదవులు బిగించి, ఊపిరి నిలిపి పడుకొన్నాడు. ఈ దేహాన్ని మోసుకుపోయి కాలుస్తారు, బూడిద అగును. దానితో నేను కూడ పోతానా అని లోపలికి చూచినాడు. దేహం కదలక పడియున్నా, ‘నేను’ అనే స్ఫురణ చెక్కుచెదరకుండా వెలుగుచునే ఉన్నది. అది తర్కించి తెలుసుకొన్నది కాదు, కన్నులారా చూచినట్లుగా తెలిసినది. అరగంటలో అంతా అయిపోయినది. చావుభయం మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనింపవలెను. ఇంతటి అనుభవం కలిగిన తరువాత కోవెలతో పని తీరిపోయినదని ఎవరైనా అనుకొందురు. జరిగినది వేరు. అంతకు ముందు ఎప్పుడో తోడు ఉంటే పోయే పిల్లవాడు, ఇప్పుడు దాదాపు ప్రతి సాయంత్రం ఒంటరిగా మీనాక్షి కోవెలకు పోయి, సుందరేశ్వరుని ముందు, అరువది ముగ్గురు నాయనార్ల విగ్రహాల ముందు నిలబడి కన్నీరు కార్చేవాడు. ఆ భక్తులవలె తనకూ భక్తి కలుగవలెనని ఒక్కొక్కప్పుడు వేడుకొనేవాడు. ఒక్కొక్కప్పుడు ఏమీ అడిగేవాడు కాదు. తానెవరో తెలిసిన తరువాత భక్తి తగ్గకపోగా వెల్లువగా పొంగినది. ఈ చిక్కుముడిని విప్పుకొనుటకు ఆయన గ్రంథాల వరకు ఆగవలెను.

బడిపాఠాల మీద మనసు పూర్తిగా పోయినది. ఆగస్టు 29వ తేదీన బెయిన్ వ్యాకరణంలోని పాఠాన్ని మూడుమార్లు రాయమని ఉపాధ్యాయుడు వేసిన శిక్షను రెండుమార్లు రాసి, మూడవమారు రాయలేక కళ్ళు మూసుకొన్నాడు. చూచిన అన్న, ఇట్టివానికి చదువెందుకు, ఇల్లెందుకు అన్న అర్థం వచ్చేట్లు మందలించినాడు. ఆ మాట నిజమే కదా అని తోచినది. ప్రత్యేక తరగతి ఉన్నదని చెప్పి లేచినాడు. పోతూ పోతూ పెట్టెలోని అయిదు రూపాయలు తీసి తన కాలేజీ జీతం కట్టమన్నాడు అన్న. వెంకటరామన్ అందులో మూడు తీసుకొని, రెండు రూపాయలతో ఒక చీటి పెట్టి వెళ్ళిపోయినాడు. తండ్రి ఆజ్ఞమీద ఆయనను వెదకుటకు పోతున్నట్లు, తనకోసం ఎవరూ దుఃఖింపవద్దన్నట్లు, డబ్బు ఖర్చుపెట్టి వెదకవద్దన్నట్లు ఆ చీటి. తండ్రి అంటే అరుణాచలేశ్వరుడే. చీటి మొదట ‘నేను’ అని మొదలైనది. నడుమకు వచ్చేసరికి ఆ ‘నేను’ కాస్తా ‘ఇది’గా మారినది. చివర చేవ్రాలు ఉండవలసినచోట ఒట్టి గీతలున్నవి. పదహారేండ్ల పిల్లవాడు తొందరలో గీకిన ఆ నాలుగు వరుసలలో ఆయన తత్త్వమంతా ఉన్నదని నాకు తోచును. అందులోనే తండ్రీ ఉన్నాడు, తండ్రిని వెదకే బిడ్డ కరగిపోవడమూ ఉన్నది.

ప్రయాణపు కథ మీరెరిగినదే. పాత పటం చూచి తిండివనానికి రెండు రూపాయల పదమూడణాల టిక్కెట్టు కొన్నాడు. తిరువణ్ణామలైకి కొత్తగా రైలుదారి పడినట్లు బండిలో తోటి ప్రయాణికుడైన ఒక మౌల్వీ చెబితేగాని తెలియలేదు. విళుప్పురంలో దిగి, ఉన్న అణాలతో మాంబళపట్టు దాకా పోయి, అక్కడనుంచి కాలినడక. అరయణినల్లూరు, కీళూరు కోవెలలలో ఆగుతూ, ఆకలికి తాళలేక ఒకచోట తూలిపడి, చివరకు ముత్తుకృష్ణ భాగవతార్ అనే గృహస్థు వద్ద చెవిపోగులు కుదువబెట్టి నాలుగు రూపాయలు పుచ్చుకొని, 1896 సెప్టెంబరు 1వ తేదీ ఉదయం అరుణాచలేశ్వరుని గర్భగుడిలో అడుగుపెట్టినాడు. పోగులు విడిపించుకొనుటకు ఇచ్చిన చిరునామా కాగితం అంతకుముందే చింపివేసినాడు. మిగిలిన చిల్లర అయ్యంకుళం చెరువులో పడినది. జందెం, జుట్టు కూడ ఆనాడే పోయినవి. తిరువణ్ణామలై విడిచి ఆయన మళ్ళీ ఎక్కడికీ పోలేదు.

తరువాతి కొన్ని ఏండ్లు మౌనం. వేయికాళ్ళ మంటపంలో అల్లరి పిల్లలు రాళ్ళు రువ్వితే నేలమాళిగలోని పాతాళలింగం చెంతకు చేరినారు. పురుగులు తొడలు కొరికి పుండ్లు చేసినా తెలియలేదు. ఎవరో బయటికి మోసుకువచ్చినారు. పేరు తెలియక జనం బ్రాహ్మణస్వామి అన్నారు. ఒక భక్తుడు పేరూ ఊరూ చెప్పక కదలనని పట్టుబట్టితే వెంకటరామన్, తిరుచ్చుళి అని రాసిచ్చినారు. ఆ ఊరి పేరు పట్టుకొనే 1898లో తల్లి అళగమ్మ వెదుకుకొంటూ వచ్చినది. మట్టికొట్టుకొని, జడలు కట్టిన కొడుకును చూచి ఏడ్చినది, దినాల తరబడి బతిమాలినది. ఆయన పలుకలేదు. చూచేవారు ఓర్వలేక కాగితం, పెన్సిలు చేతికిస్తే రాసినది ఇది: వారివారి ప్రారబ్ధాన్ని బట్టి కర్త ఆడించును, కానున్నది ఆపినా ఆగదు, కానిది ఎంత యత్నించినా కాదు, కాబట్టి ఊరకుండుటే మేలు. ఆ కాగితంలోని దేవుడు అన్నిటికీ పైన కూర్చున్న విధాత. తల్లి కన్నీళ్ళకు కూడ కరగని దేవుడు. ఆమె తిరిగి పోయినది.

ఈ మౌనిని మొట్టమొదట గట్టిగా ప్రశ్నించినవారిలో ఒకరు తెలుగువారు అని చెప్పుకొనుటకు నాకు సంతోషము. గంభీరం శేషయ్య తిరువణ్ణామలై పురపాలక సంఘంలో ఓవర్సీరు. రామభక్తుడు, వివేకానందస్వామి రాజయోగ ఉపన్యాసాలు చదివి సందేహాలు పెంచుకొన్నవాడు. 1900 నుంచి 1902 దాకా ఆయన అడిగినవాటికి స్వామి చీటీల మీద రాసిచ్చిన జవాబులే తరువాత విచార సంగ్రహమను గ్రంథమైనవి. 1902 ప్రాంతాన రెవెన్యూ శాఖలో పనిచేసే శివప్రకాశం పిళ్ళై అడిగిన ప్రశ్నల నుంచి ‘నేనెవడను’ అనే చిన్న పుస్తకం వచ్చినది.

వాటిలోని సారము ఇది. గాఢనిద్రలో మనకు లోకం లేదు, దేహం లేదు, దేవుడున్నాడా లేడా అన్న తగవు లేదు. ఐనా మనము లేకుండ పోలేదు. హాయిగా నిద్రపోయినానని లేచి చెప్పుచున్నాము. మెలకువ రాగానే మొట్టమొదట ‘నేను’ అనే తలంపు పొడుచును. దాని వెనుకనే నీవు, అతడు, ఇల్లు, అప్పు, లోకం, దేవుడు, అన్నీ బారులు తీరును. కనుక చైతన్యం ఎప్పుడు పుట్టినదని అడిగితే, దానికి పుట్టుక లేదు, పుట్టేది ‘నేను’ అనే తలంపు ఒక్కటే అని ఆయన జవాబు. అది ఎక్కడనుంచి పొడుచుచున్నదో వెదకుచు పోతే అది అణగిపోవును, మిగిలినదే ఉన్నది.

డార్విన్ జీవపరిణామ గ్రంథం వెలువడినది 1859లో. ఆ తరువాత ఇరువది ఏండ్లకు పుట్టినవారు రమణులు. జడమునుంచి జీవము, జీవమునుంచి తెలివి మెట్టుమెట్టుగా వచ్చినవని పడమటి దేశాలు నమ్మనారంభించిన కాలమది. సృష్టి ఎట్లు జరిగినదని ఆయననూ అడిగేవారు. క్రమముగా జరిగినదని నమ్మేవారికి శాస్త్రాలలోని క్రమసృష్టి చెప్పేవారు. ఇంకొంచెము లోతుకు వచ్చినవారికి, కలలోవలె చూపుతోనే సృష్టి కలుగునని చెప్పేవారు. అసలు ఏదీ పుట్టలేదన్నది తన అనుభవమనేవారు. ఇది దాటవేత అని కొందరు అన్నారు. నాకట్లు తోచదు. వైద్యుడు ఒకే మందు అందరికీ ఇయ్యడు కదా.

ఈ ప్రశ్న ఇంకా తెగలేదు. 1998లో క్రిస్టాఫ్ కాక్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు, మెదడులో ఎరుక పుట్టే యంత్రాంగాన్ని 25 ఏండ్లలో పట్టుకొందుమని డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్తతో పందెం కాసినాడు. 2023లో న్యూయార్కు సభలో ఓటమి ఒప్పుకొని, పందెం ప్రకారం ద్రాక్షసారాయి సీసాల పెట్టె చెల్లించినాడు. దానితో రమణులు గెలిచినట్లు కాదు. శాస్త్రం బయటినుంచి తవ్వుచున్నది, ఆయన లోపలినుంచి తవ్వినారు.

ఇక కావ్యకంఠుల సంగతి. తెలుగువారికి ఈ కథలో ఇదే గుండెకాయ. అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1878లో బొబ్బిలి దగ్గర కలవరాయి గ్రామంలో పుట్టినారు. రమణులకంటె ఒక్క ఏడాది పెద్ద. 1900లో నవద్వీప పండితసభలో ఆశువుగా సంస్కృత కవిత్వం చెప్పి కావ్యకంఠ బిరుదు పొందినారు. పాండిత్యంతో తృప్తి పడినవారు కారు. కోట్ల కొలది మంత్రజపం చేసినారు, ఎన్నో క్షేత్రాలలో తపస్సు చేసినారు. శివుడు ప్రత్యక్షము కావలెను, శక్తి అనుగ్రహింపవలెను, దానితో ఈ దేశం బాగుపడవలెను. ఆయన దేవునికి ఒక పని ఉన్నది, ఒక బాధ్యత ఉన్నది. ఐనా ఎంత జపించినా ఏదో వెలితి.

1907 నవంబరు 18వ తేదీ మధ్యాహ్నపు ఎండలో ఆ మహాపండితుడు కొండెక్కి విరూపాక్ష గుహ అరుగుమీద ఒంటరిగా కూర్చున్న యువకుని పాదాలు రెండు చేతులా పట్టుకొన్నాడు. శాస్త్రాలన్నీ చదివినాను, మంత్రాలు జపించినాను, తపస్సు అంటే ఏమిటో ఇప్పటికీ తెలియలేదు, శరణు అని వేడినాడు. రమణులు కొంతసేపు మౌనంగా ఆయనవంక చూచినారు. అప్పుడు మెల్లగా చెప్పినది రెండే మాటలు. ‘నేను’ అన్నది ఎక్కడనుంచి వచ్చుచున్నదో చూస్తే మనసు అక్కడ లీనమగును, అదే తపస్సు. మంత్రం జపించునప్పుడు ఆ నాదము ఎక్కడనుంచి లేచుచున్నదో చూస్తే మనసు అక్కడ లీనమగును, అదే తపస్సు. మంత్రం మానుమనలేదు, దాని మొగము లోపలికి తిప్పినారు. కావ్యకంఠులు ఆనందం పట్టలేక, ఈయన వట్టి బ్రాహ్మణస్వామి కాడు, భగవాన్ రమణ మహర్షి అని లోకానికి చాటినారు. వెంకటరామన్ అన్న పేరును కుదించి ‘రమణ’ చేసినది మన తెలుగు కవి.

గురువు మాట విన్నంత మాత్రాన శిష్యుని స్వభావం మారిపోదు. కావ్యకంఠులు ఉమాసహస్రం రాసినారు, మంత్రసాధన మానలేదు, అంటరానితనం శాస్త్రసమ్మతం కాదని వాదించినారు, దేశ స్వాతంత్ర్యానికి తపశ్శక్తి కావలెనని నమ్మినారు. 1913 నుంచి 1917 వరకు ఆయనా, ఇతర భక్తులూ అడిగిన ప్రశ్నలకు మహర్షి ఇచ్చిన జవాబులు ఆయన చేతిలో శ్రీ రమణగీత అయినవి. దేశానికి ఏదో చేయవలెనన్న ఆరాటం ఒకరిది, చేసేవాడెవడో ముందు చూడుమన్న మాట ఒకరిది. ఈ రెండూ ఏనాడూ పూర్తిగా కలిసిపోలేదు, ఒకరినొకరు విడువనూ లేదు. 1936 జులై 25న కావ్యకంఠులు ఖరగ్‌పూరు దగ్గర నింపురలో దేహం చాలించినారు. ఆ వార్త విని మహర్షి కంఠం గద్గదమైనదని అక్కడున్నవారు చెప్పుకొనేవారు.

తెల్లవారిని అరుణాచలానికి తెచ్చినదీ ఒక విధంగా తెలుగే. 1911లో వేలూరుకు వచ్చిన ఫ్రాంక్ హంఫ్రీస్ అనే యువ పోలీసు అధికారికి ఉద్యోగరీత్యా తెలుగు నేర్చుకోవలసి వచ్చినది. అతనికి తెలుగు చెప్పిన మున్షీ నరసింహయ్య కావ్యకంఠుల దగ్గరికి, ఆయన మహర్షి దగ్గరికి తీసికొనిపోయినారు. పడమటినుంచి వచ్చిన తొలి శిష్యుడు అతడే. అ ఆ ఇ ఈల కోసం వచ్చి ఆత్మవిచారంలో పడినాడు పాపం!

తల్లి కథకు మళ్ళీ రావలెను. 1914లో ఆమె తిరుపతి యాత్ర చేసి, తిరుగుదారిలో కొడుకును చూడవచ్చి సన్నిపాత జ్వరంతో పడిపోయినది. కానున్నది ఆపినా ఆగదని పదహారేండ్ల కిందట రాసిచ్చిన ఆ చేతులే ఇప్పుడు రాత్రింబవళ్ళు ఆమెకు ఊడిగము చేసినవి. అంతేకాదు, తల్లి జ్వరం తగ్గించుమని అరుణాచలుని వేడుకొంటూ నాలుగు పద్యాలు రాసినారు. ఆ ప్రాంతాననే, భిక్షకు పోవు సాధువులు పాడుకొనుటకని, అరుణాచలుని ప్రియునిగా పిలుచు నూట ఎనిమిది చరణాల అక్షరమణమాల కూడ వెలువడినది. విధాత అన్న దేవుడు ప్రియుడైనాడు, మొర వినువాడైనాడు. తార్కికులు దీనిని పొంతన లేదందురు. మనుషులము మనకు మాత్రం ఇది ఊరట.

1916లో తల్లి శాశ్వతంగా కొడుకు చెంతకు చేరి వంట మొదలుపెట్టినది. ఉల్లిపాయ తగిలితే మైలపడే ఆచారం ఆమెది. కొడుకు ఎగతాళి చేసి చేసి ఆ పట్టులన్నీ వదిలించినాడు. 1922 మే 19న ఆమె అవసానకాలంలో కుడిచేయి ఆమె గుండెమీద, ఎడమచేయి తలమీద ఉంచి పొద్దుటినుంచి రాత్రి ఎనిమిదింటిదాకా అట్లే కూర్చున్నారు. ప్రాణం అణగిన తరువాత లేచి, మైల లేదని అందరితో కలిసి భోజనం చేసినారు. కొండ కింద ఆమె సమాధి, దాని పక్కన ఒక పాక. ఇవే శ్రీ రమణాశ్రమమైనవి.

ఆ తరువాతనే ఆయన తత్త్వం గ్రంథరూపం దాల్చినది. 1927లో ఉపదేశసారం. దానిని తమిళంలో చెప్పి, సంస్కృతం, తెలుగు, మలయాళాలలో కూడ తామే రాసినారు. మన ఊళ్ళో ఇంటిలో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుచు, తెలుగు అక్షరాలు మాత్రం చాలమందిమి మరచినాము. ఇంట తమిళం తప్ప ఎరుగని తిరుచ్చుళి పిల్లవాడు వచ్చినవారికోసం మన అక్షరాలు నేర్చి మన భాషలో పద్యం కట్టినాడు. ఇది తలచుకొన్నప్పుడు కొంచెం సిగ్గు కలుగును.

ఉపదేశసారం కథ దారుకావన ఋషులతో మొదలగును. యజ్ఞకర్మ ఒక్కటే చాలును, ఈశ్వరునితో పనిలేదని గర్వించినవారు వారు. అక్కడనుంచి కర్మ, పూజ, జపం, ధ్యానం, విచారం అని మెట్లు. ఏ మెట్టునూ తోసివేయలేదు. చివరకు, ఈశ్వరునికీ జీవునికీ భేదం వేషంలో తప్ప వస్తువులో లేదని తేల్చినారు.

1928లో ఉళ్ళదు నార్పదు, అనగా ఉన్నదానిపై నలుబది పద్యాలు. రామనాథపురం మురుగనార్ ప్రేరణతో వచ్చిన ఆ గ్రంథాన్ని కావ్యకంఠులు సద్దర్శనమని సంస్కృతం చేసినారు. అందులో నన్ను పట్టి నిలిపిన మాట ఒకటున్నది. నీవు దేహమనే రూపమైతే నీ లోకానికీ, నీ దేవునికీ రూపముండును. నీవే రూపము కానప్పుడు వాటి రూపం చూచేదెవరు, ఏ కంటితో? కన్ను ఎట్టిదైతే కనబడునది అట్టిది. మదుర కోవెలలోని కన్నీటికి నాకు దొరికిన సమాధానం ఇదే. మన ఊరి సంగతే చూడుడు. పడమటి కొండ కింద కావలికాయు అయ్యనారు, వీధిమొగలో అమ్మవారు, పూజగదిలో వెంకటేశ్వరుడు, పట్నంలో చదివిన మనుమనికి ఏదో ఒక శక్తి. ఈ దేవుళ్ళు ఒకరినొకరు ఓడించి వచ్చినవారు కారు. తన్నుతాను మనిషి ఎట్లు ఎంచుకొన్నాడో అట్లే దేవుడూ ఎదురైనాడు.

1976లో జూలియన్ జేన్స్ అనే అమెరికా మనశ్శాస్త్రవేత్త ఒక వింత వాదం లేవదీసినాడు. మూడువేల ఏండ్ల పూర్వపు మనుషులకు మనకున్నట్లు లోపల ‘నేను’ అనే ఎరుక లేదట. తమ మెదడులో లేచిన ఆజ్ఞలే వారికి దేవతల గొంతులై వినబడేవట. ఆ గొంతులు మూగబోయినప్పుడు ‘నేను’ తలయెత్తినదట. పండితులలో చాలమంది దీనిని ఒప్పుకోలేదు. నాకూ అతిగానే తోచును. ఐనా ‘నేను’ పుట్టుకకూ దేవుని రూపుకూ ముడి ఉన్నదన్నంతవరకు, ఆ ప్రొఫెసరు తెలియకనే విరూపాక్ష గుహ వాకిలిదాకా వచ్చినాడు.

1931లో పాల్ బ్రంటన్ వచ్చి పోయి, 1934లో పుస్తకం రాసిన పిమ్మట లోకమంతా తరలివచ్చినది. సోమర్సెట్ మామ్ 1938లో వచ్చినాడు. అదే ఏడాది మద్రాసు దాకా వచ్చిన మనశ్శాస్త్రవేత్త యూంగ్ మాత్రం తిరువణ్ణామలై పోలేదు. తరువాత మహర్షిని గురించి రాసినాడు. ఆ వివరాలకు ఇక్కడ చోటు చాలదు.

రూపం లేదన్న మహర్షి కళ్ళెదుటనే 1939లో తల్లి సమాధిమీద రాతి కోవెల మొదలై, 1949 మార్చి 17న మాతృభూతేశ్వరునికి కుంభాభిషేకం జరిగినది. అద్వైతికి గుడి ఎందుకని అప్పుడూ అడిగినారు, ఇప్పుడూ అడుగుదురు. పనివారి దగ్గరికి పోయి రాళ్ళు చూచి వచ్చేవారు ఆయన. వచ్చినవారిలో రూపం పట్టుకొన్నవారే ఎక్కువమంది; వారి చేతిలోనిది లాగివేయుట ఆయన పద్ధతి కాదు. దేవుణ్ణి నమ్మనివారిని కూడ నమ్ముమని ఒత్తిడి చేసేవారు కారు. సందేహించేవాడెవడో చూడుమనేవారు, అంతే. 1948 జూన్‌లో లక్ష్మి అనే ఆవు పోవునప్పుడు తల్లి తలమీద ఉంచినట్లే దాని తలమీద చేయి ఉంచినారు.

1948 చివర ఎడమ మోచేతి దగ్గర లేచిన చిన్న గడ్డ పుట్టకురుపని తేలినది. 1949లో నాలుగు శస్త్రచికిత్సలు జరిగినవి. చేయి తీసివేయుట ఒక్కటి ఒప్పుకోలేదు. మీరే తలచుకొని నయం చేసికొనరాదా అని భక్తులు ఏడ్చినారు. తలచుకొనేవాడు ఎవడున్నాడన్న ధోరణిలోనే జవాబు వచ్చేది. ఆ దినాల ఆశ్రమ జీవితాన్ని గుంటూరు ప్రాంతపు సూరి నాగమ్మగారు 1945 నుంచి తన అన్నకు తెలుగులో రాసిన లేఖలలో చూడవలెను. ఇంటి ఆడపడుచు రాసిన జాబులవలె ఉండును.

1950 ఏప్రిల్ 14వ తేదీ సాయంత్రం ఆయన తనను లేపి కూర్చుండబెట్టుమన్నారు. బయట వరండాలో ఎవరో అక్షరమణమాల ఎత్తుకొన్నారు. ముప్పది ఆరేండ్ల కిందట అరుణాచలుణ్ణి ప్రియుడా అని పిలిచిన ఆ పాట చెవిన పడగానే కళ్ళు తెరిచినారు. కంటి కొసలనుంచి నీరు జారినది. రాత్రి 8 గంటల 47 నిమిషాలకు ఊపిరి, ఏ పెనుగులాటా లేకుండ, నిలిచిపోయినది. ఆ క్షణాన ఒక వెలుగు ఆకాశంలో మెల్లగా సాగి కొండ వెనుకకు పోవుట చాలమంది చూచినారు. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు కార్టియే బ్రెసాన్ వారిలో ఒకడు.

ఆ ఏడాదే గుడిపాటి వెంకటచలంగారు బెజవాడ విడిచి కుటుంబంతో అరుణాచలం చేరినారు. గుడినీ, మడినీ, దేవుణ్ణీ అంతగా ఎదిరించిన కలం తెలుగులో ఇంకొకటి లేదు. 1979లో కన్నుమూయుదాకా ఆయన ఆ కొండ చెంతనే ఉండిపోయినారు.